ఎలీసమ్మకు ఉత్తరపు హద్దు

ఎలీసమ్మ పొలం కొన్నదని తెలిసిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. ఉన్నమాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు? ఇరవై రెండేళ్ళుగా మా మిరప తోటలో కాయ కోయించిన మేస్త్రమ్మ ఆమె. వాళ్ళ పల్లె నుంచి ముప్పై మంది ఆడవాళ్ళను ఆటోల్లో ఎక్కించుకొచ్చి, సాలుకొకరిని నిలబెట్టి, తను గట్టు మీద నడుస్తూ “తొడిమ ఊడకుండా కొయ్యండే, మీ చేతులు పడిపోను” అని ఒక్క కేక వేసిందంటే, మూడెకరాల తోట నాలుగు రోజుల్లో ఖాళీ. పండు కాయల సంచిలో ఒక్క పచ్చికాయ పడనిచ్చేది కాదు. అలాంటి మనిషి సొంత చేను చూసుకుంటూ కూర్చుంటే ఇక మా కాయ ఎవరు కోయిస్తారు? నా మొదటి బాధ అది. రెండో బాధ ఏమిటంటే, ఆమె కొన్నది మేం కొందామనుకున్న చేను.

మాది మార్టూరుకు ఏడు కిలోమీటర్ల ఊరు. నా పుట్టిల్లూ మెట్టిల్లూ రెండూ ఇక్కడే. మా నాన్న పసుపుకుంకాల కింద నాకు మూడెకరాలు రాసిచ్చాడు. దానికి దక్షిణం పక్కన ఆనుకుని ఉన్న ఎకరం పాతిక సెంట్లు మా బాబాయి వాటా. బాబాయి పోయాక ఆయన కొడుకు ప్రేమ్‌చంద్ గుంటూరు దగ్గర నల్లపాడులో కాపురం పెట్టి, పన్నెండేళ్ళపాటు ఇటు తొంగి చూడలేదు. చేనంతా సర్కారు తుమ్మ అల్లుకుపోయింది. అడిగే దిక్కు లేదని ఎవరెవరో ట్రాక్టర్లతో పనికిరాని గ్రానైట్ ముక్కలు తెచ్చి దిబ్బలు పోశారు. మా ఆయన అంచనా ఏమిటంటే, ఇంకో రెండేళ్ళు ఓపిక పడితే ప్రేమ్‌చందే వచ్చి “బావా, నీకెంత తోస్తే అంత ఇచ్చి తీసుకో” అంటాడని. ఈయన అలా ఓపిక పడుతూ ఉండగా ఎలీసమ్మ నల్లపాడు బస్సెక్కింది.

మా ఆయన పేరు యలమందయ్య. ముందు ముందు ఈయన చేసిన ఘనకార్యం చెప్పాల్సి ఉంది కాబట్టి ఒక్కసారి పేరు చెప్పాను. ఇక మీద మా ఆయన అనే అంటాను.

బేరానికి కూర్చునే ముందు ఎలీసమ్మ మా ప్రేమ్‌చంద్‌ను మూడు మాటలు అడిగిందట. ఇది ప్రభుత్వం పంచిన భూమా, తాతల నాటి సొంత భూమా? చేలోకి బండి దారి ఉందని కాగితంలో రాయిస్తావా? కంప కొట్టించాక పక్క రైతుల ఎదుట కొలిపించి రాళ్ళు పాతిస్తావా? వాడు బిత్తరపోయాడట. అమ్మకం అంతా అయ్యాక నాకు ఫోన్ చేశాడు. “అక్కా, ఆమెకు చదువు రాదంట. నా చేత మూడు ఆఫీసులు తిప్పించింది” అన్నాడు. నాకు చెప్పకుండా అమ్మినందుకు వాణ్ణి తిట్టాల్సిన తిట్లన్నీ ఆ ఫోన్లోనే తిట్టేశాను.

చదువు రాదు గానీ ఎలీసమ్మకు కొలతలు పుట్టుకతో వచ్చాయి. వాళ్ళ నాన్న నతానియేలు సర్వే వాళ్ళ వెనకాల గొలుసు మోసేవాడు. చిన్నప్పుడు ఆ గొలుసు రెండో కొస పట్టుకుని చేలంట నడిచింది ఈమే. రిజిస్ట్రేషన్ రోజు దస్తావేజు రాసినాయన చేత నాలుగు దిక్కుల హద్దులు నాలుగుసార్లు చదివించుకుంది. ఐదోసారి తనే అప్పజెప్పింది. తూర్పు డొంక, దక్షిణం వాగు, పడమర మీరా హుస్సేన్ పొలం, ఉత్తరం పావులూరి శివపార్వతి పొలం. శివపార్వతి అంటే నేను.

ఏప్రిల్ ఎండల్లో తుమ్మ కొట్టడం మొదలుపెట్టారు. ఆమె భర్త జక్రయ్య మార్టూరులో రాయి పాలిష్ పట్టే మిషన్ మీద పని చేస్తాడు. మాట పొదుపు, పని దుబారా. షిఫ్టు దిగి సైకిల్ మీద నేరుగా చేలోకి వచ్చేవాడు. కొట్టిన తుమ్మంతా ఆ చేలోనే బట్టీ పెట్టి బొగ్గు చేశారు. ఆ బొగ్గు అమ్మగా వచ్చిందే తర్వాత దున్నకానికీ విత్తనాలకీ పెట్టుబడి అయింది. చేలో దిబ్బలుగా పడి ఉన్న గ్రానైట్ ముక్కలను జక్రయ్య ఒక్కటి కూడా బయట పారేయలేదు. పెద్దవి ఏరి వాన నీళ్ళు పోయే కాలవకు రెండు పక్కలా పేర్చాడు, చిన్నవి చేలో వేసుకున్న పాకలో నేలకు పరిచాడు. మా ఊళ్ళో గ్రానైట్ పరిచిన పూరిపాక అదొక్కటే. మా ఇంట్లో ఇప్పటికీ నాపరాళ్ళే.

జూన్‌లో కొలత పెట్టుకున్నారు. ఆ రోజు మా ఆయన కోల్డ్ స్టోరేజీలో దాచిన కాయ అమ్మడానికి గుంటూరు వెళ్ళాడు. పొలం నా పేరు మీద ఉంది కాబట్టి నేనే రావాలంది ఎలీసమ్మ. గొడుగు వేసుకుని సణుక్కుంటూ వెళ్ళాను. మీరా హుస్సేన్ పొద్దున్నే వచ్చి తన వైపు రాళ్ళు చూసుకుని వెళ్ళిపోయాడు. సర్వేయరు మా రెండు చేల మధ్య జాగా గుర్తు పెట్టి, డొంక వైపు కొలవడానికి నడిచాడు. మిగిలింది నేనూ, వాళ్ళిద్దరూ.

జక్రయ్య మోకాటి లోతు గుంట తీశాడు. ఎలీసమ్మ తట్టెడు బొగ్గు తెచ్చి అందులో పోసింది.

“ఇదేంది ఎలీసమ్మా, రాయికి కుంపటి పెడతన్నావా?” అన్నాను.

“రాయిని ఇద్దరు మగాళ్ళు పట్టుకుంటే లేచుద్ది పార్వతమ్మా. కింద బొగ్గుందని ఎవరికి తోచుద్ది? మా నాయన చెప్పేవాడు, బొగ్గు నూరేళ్ళున్నా కుళ్ళదు, చెద పట్టదు అని.”

గుంట పక్కన కూర్చుని చూస్తున్నదాన్ని నవ్వుతూ లేవబోయి, పక్కనే పాతడానికి తెచ్చి పెట్టిన హద్దు రాయి మీద చెయ్యి ఆనించాను. గ్రానైట్ అంచు తగిలి కుడిచేతి గాజులు రెండు చిట్లాయి. ఆకుపచ్చ మీద బంగారు చుక్కల గాజులు. చీరాల చీరలకు వెళ్ళినప్పుడు మా ఆయన బజార్లో తనంతట తాను ఆగి, బేరమాడకుండా కొనిచ్చినవి. ముప్పై ఏళ్ళ కాపురంలో అడక్కుండా ఆయన కొనిచ్చింది అదొక్కటే. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎలీసమ్మ ముక్కలన్నీ ఏరి నా అరచేతిలో పెట్టింది.

“గాజు కూడా కుళ్ళదమ్మా. గుంటలో వెయ్యి.”

“నీ పొలంలో నా గాజులేందే?”

“నా పొలం ఒక్కదానిదే కాదుగా రాయి. అటు పక్క నీది. నీ చేత్తో నువ్వే వెయ్యి.”

వేశాను. పైన ఇంకాస్త బొగ్గు పోసి, రాయి నిలబెట్టి, మట్టి తొక్కారు. ఇంటికొచ్చి గాజులు చిట్లిన సంగతి మా ఆయనకు చెప్పలేదు. మనిషి ఊళ్ళో లేనప్పుడు గాజులు పగిలాయంటే ఆయన వారం రోజులు ముఖం మాడ్చుకుని కూర్చుంటాడు. అవి ఉన్నాయా లేవా అని ఆయనా చూడలేదు.

మొదటి ఏడు ఆమె మిరప జోలికి పోలేదు. జనుము చల్లి, పూతకొచ్చేసరికి దున్నించి మట్టిలో కలిపింది. మా వాళ్ళంతా నవ్వారు, పండించి పాతిపెట్టే రైతును ఇప్పుడే చూశామని. తర్వాత కంది వేసింది. కంది తీశాక ఎరువు కోసం గొర్రెల మందను పది రాత్రులు చేలో పడుకోబెట్టించింది. ఇంత చేసినా ఆ పక్క నేల వానను నమ్ముకుని ఉండాల్సిందే. బోరు కావాలి. అక్కడ చేసింది ఎలీసమ్మ తన జన్మకంతా కలిపి ఒకే ఒక్క తెలివితక్కువ పని.

మా వైపు బోరు వేయాలంటే మాబు సాహెబ్‌ను పిలుస్తారు. ఆయన అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేలో నడుస్తాడు. కింద నీళ్ళున్న చోట కాయ లేచి నిలబడుతుంది. నిజమా అబద్ధమా అని ఎవరూ అడగరు, నిలబడిన చోట బోరు దింపుతారు. మాబు సాహెబ్ ఎలీసమ్మ చేనంతా తిరిగాడు. కాయ ఎక్కడా కదలదు. చివరికి మా గట్టు పక్కకు వచ్చేసరికి చటుక్కున లేచింది. రాయికి నాలుగడుగుల దూరం.

“గట్టు పక్కన వద్దే, రేపు తగాదా అవుద్ది. ఇంకో రెండు గజాలు లోపలికి జరిపి వేయించుకో” అన్నాను.

“నువ్వన్నావని నీళ్ళు జరుగుతయ్యా?” అని మాబు సాహెబ్ నా మీద ఎగిరాడు.

కొలతల్లో అంత జాగ్రత్తగల మనిషి కొబ్బరికాయ మాటకు తల ఊపింది. రెండొందల పది అడుగుల దగ్గర నీళ్ళు పడ్డాయి. మామూలుగా పడలేదు, గొట్టం నిండా దూకాయి. మాబు సాహెబ్ ఆ సంగతి ఇప్పటికీ టీకొట్లో చెప్పుకుంటూనే ఉన్నాడు.

ఆ నీళ్ళతో ఎలీసమ్మ ముప్పాతిక ఎకరం మిరప, మిగతాది పత్తి వేసింది. మిరప చుట్టూ రెండు వరసలు జొన్న వేసి పురుగుకు అడ్డం కట్టింది. జొన్న కంకులు మా గట్టు మీదికి వంగితే కోసి మా గొడ్లకు వేసేది. ఆమె కాయ మా కాయ కంటే నిగనిగలాడింది. చెప్పకేం, నా కడుపు మండింది. అయినా కోతల రోజుల్లో ముందు మా తోట కోయించి, తర్వాతే తన చేలో దిగింది. నా మొదటి బాధ అలా తీరిపోయింది.

ఆ తర్వాతి ఏడు ఫిబ్రవరిలో మా బోరు ఎండిపోయింది. కాయ ముదురుతున్న సమయం. మా ఆయన మోటారు వేయడం, అది గాలి కక్కడం, ఈయన దాన్ని బూతులు తిట్టడం. ఇది మూడు రోజులు నడిచింది. నాలుగో రోజు మేం అడక్కుండానే ఎలీసమ్మ పైపు మా చేలోకి తిప్పింది. మూడు తడులు ఇచ్చింది. మా తోట గట్టెక్కింది.

ఎవరికైనా కృతజ్ఞత పుట్టాలి. మా ఆయనకు పుట్టింది వేరే. కూలికి వచ్చిన మనిషి దగ్గర నీళ్ళు పుచ్చుకున్నానని లోపల్లోపల కుమిలిపోయాడు. పైకి మాత్రం, “అసలు ఆ బోరు దింపింది మన నేలలోనేమోనే” అనడం మొదలుపెట్టాడు. అన్నం తింటూ అంటాడు, టీవీ చూస్తూ అంటాడు. రోజూ అంటూ ఉంటే మనిషికి తన మాట మీద తనకే నమ్మకం కుదురుతుంది కాబోలు.

జూన్‌లో ట్రాక్టర్‌కు రోటవేటర్ కట్టించి మా చేను దున్నించాడు. సాయంత్రం నేను వెళ్ళి చూస్తే గట్టు లేదు. హద్దు రాయి మోటారుకు అవతల, దక్షిణం వైపు నిలబడి ఉంది. మొన్నటిదాకా మోటారుకు ఇవతల ఉన్న రాయి ఎనిమిది అడుగులు నడిచి అటు వెళ్ళిందన్నమాట. ఇంటికొస్తే గడ్డపారకు తడి మట్టి, ఈయన నడుముకు పట్టు. ఆయింటుమెంటు రాయమన్నాడు. రాశాను.

“రాయేంది అటు పోయింది?” అని అడిగాను.

“రోటవేటర్ తగిలి ఒరిగింది. లేపి నిలబెట్టా.”

ఇంకేం అడగలేదు. మీరు నన్ను తిట్టుకోవచ్చు. నా మొగుడు కాబట్టి ఊరుకున్నానని చెప్పుకుంటే సగమే నిజం. ఎండిపోయిన బోరు పక్కన నిలబడి తోట వాడిపోవడం చూసినవాళ్ళకు ఆ నీళ్ళ చప్పుడు ఎంత తియ్యగా ఉంటుందో నాకూ తెలుసు. నాలో ఒక మూల, పోనీలే, ఉంటే ఉండనీ అనిపించింది.

రాయి సంగతి ఎలీసమ్మ అడిగితే ఆమెకూ రోటవేటర్ మాటే చెప్పి, తీరిగ్గా సరిచేద్దామన్నాడు. జూలై వచ్చింది. ఎలీసమ్మ మిరప నారు పోసింది. నారుమడికి రోజూ సాయంత్రం నీళ్ళు చల్లాలి, ఒక్క పూట తప్పితే మొలక వాలిపోతుంది. ఆ రోజు ఆమె మోటారు వేయడానికి వచ్చేసరికి స్టార్టర్ డబ్బాకు మా ఆయన తాళం వేసి ఉంది.

“నా నేలలో ఉన్న బోరు, నా తాళం” అన్నాడు ఈయన.

ఎలీసమ్మ కేకలు వేస్తుందనుకున్నాను. గట్టు మీద నుంచి ఆమె వేసే కేకలు తెలిసినదాన్ని కదా. ఆమె రాయి వైపు చూసింది, మోటారు వైపు చూసింది, తర్వాత నా వైపు చాలాసేపు చూసింది. వచ్చిన దారినే వెళ్ళిపోయింది. అరుస్తే నేనూ నాలుగు అరిచేదాన్ని, నాకు తేలికయ్యేది.

మర్నాడే గ్రామ సచివాలయానికి వెళ్ళి కొలతకు అర్జీ పెట్టింది. జక్రయ్య వాళ్ళ పల్లెలో కుళాయి దగ్గర డబ్బాలు నింపి, సైకిల్‌కు కట్టి, రోజుకు పది ట్రిప్పులు తిరిగాడు. ఉప్పు నీళ్ళు, పైగా చాలీచాలని నీళ్ళు. వారానికి నారు మూడో వంతు ఎండిపోయింది. మిగతాది కూడా పోతే ఆ ఏడు మిరప లేదు. మిరప లేకపోతే బోరుకు తెచ్చిన పొదుపు సంఘం అప్పు కట్టే దారి లేదు. బోరు పోతే ఆ చేను మళ్ళీ తుమ్మల పాలే. ఇదంతా నాకు తెలుసు. రోజూ వంటింట్లోంచి జక్రయ్య సైకిల్ చప్పుడు వింటూనే ఉన్నాను.

ఎనిమిదో రోజు పొద్దున సర్వేయరమ్మాయి శ్రీదివ్య వచ్చింది. చిన్న పిల్ల, ఎండకు తలకు చున్నీ చుట్టుకుని, చేతిలో పటం పట్టుకుని. అంతకుముందు రాళ్ళు పాతించినాయన బదిలీ మీద వెళ్ళిపోయాడు. మాబు సాహెబ్ పిలవకుండానే వచ్చాడు. ఇంకో పదిమంది చూడటానికి పోగయ్యారు.

శ్రీదివ్య పటం చూసి, చేను చూసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. “కొలత మొదలుపెట్టాల్సిన మూల రాయి వాగు అవతల ఉందండీ. టేపుతో తేలదు, శాటిలైట్‌తో కొలిచే మిషన్ రావాలి. అందరికీ నోటీసులిచ్చి తేదీ వేయాలంటే నెలన్నర పడుతుంది. ఈలోపు మీలో మీరు ఒక మాట అనుకుంటే మంచిది.”

“నెలన్నర ఆగుదాం, మాకేం తొందర?” అన్నాడు మా ఆయన.

“రాయికి ఇటు నాలుగడుగుల్లో కాయ లేచింది. నా చేతిలోనే లేచింది. ఇప్పుడు రాయి అటెట్టా పోయింది?” అన్నాడు మాబు సాహెబ్.

“కొబ్బరికాయ పట్టుకుని తిరిగేవోడి సాక్ష్యం ఎవుడిక్కావాలి, ఊరుకోవయ్యా” అన్నాడు మా ఆయన. పదిమందీ నవ్వారు.

అప్పుడు ఎలీసమ్మ ముందుకొచ్చింది. చర్చికి కట్టుకునే తెల్ల చీర కట్టుకుని వచ్చింది ఆ రోజు.

“అమ్మా, నీ మిషన్ రానియ్, కొలత జరగనియ్. నేనొద్దనను. నా నారు నెలన్నర ఆగదు, అంతే నా గోల. నా రాయి కింద గురుతు ఉంది. అదేందో, ఎక్కడుందో నేను చెప్పను. చెప్తే, రాత్రి వచ్చి నువ్వే పూడ్చుకున్నావంటారు. రాయి పాతిననాడు చూసిన మనిషి ఒకామె ఉంది. అవతల పక్షం మనిషే. ఆమెనే చెప్పమనండి. ఆమె లేదంటే లేదు. తాళం అట్టాగే ఉండనియ్, నేను మళ్ళీ అడగను.”

అందరూ నా వైపు తిరిగారు.

తన చేనంతా తెచ్చి నా నోట్లో పెట్టిందని అప్పుడర్థమైంది నాకు. మా ఆయన ముఖంలో ఏ బెదురూ లేదు. పెళ్ళాం తనను కాదని చెప్పదని అంత నమ్మకం. గురుతు సంగతి ఆయనకు తెలియదు కూడా. నేను తల అడ్డంగా ఊపితే చాలు, బోరు మాది. మిషన్ వచ్చి నెలన్నరకు కాదని తేల్చినా, ఆమె నారు అప్పటికి పోయి ఉంటుంది. పోయాక ఎన్నాళ్ళు నిలబడగలదు ఆమె? ఇదంతా ఆయన ఆలోచించాడో లేదో గానీ, ఒక్క నిమిషంలో నేను ఆలోచించాను. అంత తొందరగా ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. మా చేలోకి పైపు తిప్పినప్పుడు ఆమె నిమిషం కూడా ఆలోచించలేదు.

చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని చేలోకి దిగాను. మోటారు దగ్గర నిలబడి, పాదం వెంట పాదం ఆనించి మా వైపుకు నాలుగడుగులు కొలిచాను. మెత్తగా దున్నిన మట్టి, అక్కడ గట్టు ఉండేదన్న ఆనవాలు కూడా లేదు.

“ఇక్కడ తవ్వాలి. మోకాటి లోతున బొగ్గుంటది” అన్నాను.

“ఏమే, నీకేమన్నా మతి పోయిందా?” అన్నాడు మా ఆయన.

“బొగ్గులో గాజు ముక్కలుంటయ్. ఆకుపచ్చయి.”

జక్రయ్య గడ్డపార అందుకోబోతే వద్దన్నాను. “నువ్వు తవ్వితే మళ్ళీ మాటలొస్తయ్. ఏవయ్యా, నువ్వే తవ్వు. లేదనేది నువ్వేగా, లేదని నువ్వే చూపించు.”

పదిమంది చూస్తుండగా కాదనలేక మా ఆయన పార పట్టుకున్నాడు. మొదట విసురుగా తవ్వాడు. జానెడు లోతుకు ఎర్రమట్టి తప్ప ఏమీ రాలేదు. ఆయన ముఖం వెలిగింది. అడుగు లోతు దాటింది. ఇంకో రెండు పారలకు మట్టి నల్లబడింది. ఆ తర్వాత పారకు బొగ్గు పెళ్ళలు కరకరలాడుతూ వచ్చాయి. మాబు సాహెబ్ “యా అల్లా” అన్నాడు. శ్రీదివ్య వంగి ఫోన్‌తో ఫోటో తీసుకుంది.

మా ఆయన పార పక్కన పడేసి కూర్చున్నాడు. బొగ్గులోంచి చేత్తో ఒక ముక్క తీశాడు. చొక్కా అంచుకు తుడిచి చూశాడు. ఆకుపచ్చ మీద బంగారు చుక్క. ఇంకో ముక్క తీశాడు. ఆయన రాయి గురించి మాట్లాడతాడని, బుకాయిస్తాడని నేను సిద్ధంగా ఉన్నాను.

“ఇవి ఎప్పుడు చిట్లినయ్యే?” అన్నాడు నెమ్మదిగా.

“నువ్వు గుంటూరులో కాయ అమ్మిన రోజు. రాయి తగిలి.”

“నాకు చెప్పలేదే.”

“నువ్వు రాయి లేపినప్పుడు నాకు చెప్పావా?”

ఎవరూ నవ్వలేదు. ఆయన లేచి, జేబులోంచి తాళంచెవి తీసి ఎలీసమ్మకు ఇవ్వకుండా నా చేతిలో పెట్టాడు. నేను వెళ్ళి స్టార్టర్ డబ్బా తెరిచి మోటారు వేశాను. నీళ్ళు గొట్టం నిండా దూకాయి. ఎలీసమ్మ అప్పుడు మొదటిసారి ఏడ్చింది. ఏడుస్తూనే పైపు ఎత్తుకుని నారుమడి వైపు పరుగెత్తింది.

తాళం తీసినంత మాత్రాన తగాదా తీరినట్టు కాదని ఆమెకు తెలుసు. మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చింది. మజ్జిగ ఇచ్చాను, తాగింది. తర్వాత మా ఆయనను ఉద్దేశించి, “అయ్యా, మిషన్ వచ్చి కొలిచేది కొలవనియ్. ఈలోపు గట్టు లేకపోతే నీ నీళ్ళు నా చేలోకి, నా నీళ్ళు నీ చేలోకి. పోయిన గట్టు నువ్వే పెట్టాలి. నేను కొలత చూసుకుంటా” అంది. మా ఆయన లేచాడు. పార భుజాన వేసుకుని ఆమె వెనకాల నడిచాడు.

ఆ మూడు రోజులు చూడాల్సిన ముచ్చట. మా ఆయన మట్టి ఎత్తిపోస్తూ ఉంటే ఎలీసమ్మ పక్కన నడుస్తూ, “ఇంకో పార ఏసి తొక్కయ్యా, మెత్తగా తొక్కితే వానకి జారుద్ది” అని కేకలు. ఇన్నేళ్ళుగా మా చేలో విన్న కేకలే. ఆయనా కోపం తెచ్చుకోలేదు. రెండో రోజుకు “సరేలే మేస్త్రమ్మా” అనడం కూడా నేర్చుకున్నాడు. రాయిని జక్రయ్యా ఈయనా కలిసి మోసి, పాత గుంటలో పాత బొగ్గు మీదే నిలబెట్టారు. గాజు ముక్కలు ఎలీసమ్మ జాగ్రత్తగా ఏరి ఉంచింది. నా చేతికే ఇచ్చింది. నేను ఒక్క ముక్క కొంగున ముడి వేసుకుని మిగతావి గుంటలో వేశాను. సెప్టెంబర్‌లో మిషన్ వచ్చింది. రాయికి బెత్తెడు తేడా కూడా చూపించలేదు.

మిగిలిన నారుతోనే ఆమె ముప్పాతిక ఎకరం నాటింది. సందులు పడిన చోట బంతి మొక్కలు పెట్టింది. మా బోరు మళ్ళీ వేయించాలి, మాబు సాహెబ్‌ను పిలవాలంటే మా ఆయన ఇంకా మొహమాటపడుతున్నాడు. ఈలోగా ఎలీసమ్మ నీళ్ళే మాకూ ఆధారం. ఇప్పుడు మేమే అడిగి తీసుకుంటున్నాం.

మొన్న చీరాల వెళ్ళొచ్చి మా ఆయన ఒక పొట్లం నా ముందు పెట్టాడు. ఆకుపచ్చ గాజులే, చుక్కలు మాత్రం లేవు. అలాంటివి ఇప్పుడు రావడం లేదన్నాడట కొట్టువాడు.

రోజూ పొద్దున ఎలీసమ్మ మోటారు వేసి, కాలవ పక్కన నిలబడి తన నాలుగు హద్దులూ అప్పజెప్పుకుంటుంది. మా చేలోకి స్పష్టంగా వినిపిస్తుంది. తూర్పు డొంక. దక్షిణం వాగు. పడమర మీరా హుస్సేన్ పొలం. ఉత్తరం దగ్గర ఆగి, ఇటు తిరిగి, గట్టు మీది కేకతో అంటుంది.

“ఉత్తరం, పావులూరి శివపార్వతీ!”

“ఆఁ, ఉన్నానే” అంటాను.